తెల్లబట్ట మీద తెల్ల మామిడిపిందె

మా వీధి చివర కొత్తగా స్టూడియో తెరిచిన అమ్మాయి మొన్న కెమెరా మెడలో వేసుకునే మా ఇంటికొచ్చింది. "ఆంటీ, మీరు కలర్ ల్యాబులో చాలా ఏళ్లు చేశారంట కదా. పెళ్లిళ్లు రా ఫైలుగా తీయాలా, జేపెగ్‌గా తీయాలా? ఒక్క ముక్కలో చెప్పండి, మళ్లీ నాకు షూటుంది" అంది.

ఒక్క ముక్కలో తేలే వ్యవహారమైతే నేను కోటేశ్వరరావు గారి ముందు తల దించుకోవాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ మాటే అంటే "ఆయనెవరాంటీ?" అంది. కూర్చోమని కాఫీ ఇచ్చాను. ఆయన పెడన దగ్గర చేనేత పనివాడని, కూతురి పెళ్లికి తన చేత్తో నేసిన బట్ట ఫోటోల్లో కనబడకుండా పోతే వెతుక్కుంటూ మా ల్యాబుకొచ్చాడని, కనబడకుండా చేసింది నేనేనని చెప్పాను. పిల్ల కాఫీ చల్లారబెట్టుకుంది. షూటు సంగతి ఎత్తనే లేదు.

ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నాకు జీతం ఎప్పుడు పెరిగింది, ల్యాబులోకి ఏ మిషను ఎప్పుడొచ్చింది లాంటివి రాసి మిమ్మల్ని విసిగించను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి పనికొచ్చేవి నా దగ్గర రెండు మూడున్నాయి. వాటిలో ఎక్కువ నా తప్పులే.

మొహం చూడు

నేను ఫోటోగ్రాఫర్ని కాను. జన్మలో ఒక్క పెళ్లి కూడా తీసి ఎరగను. విజయవాడ గవర్నరుపేటలో ఒక కలర్ ల్యాబులో కూర్చుని, వేరేవాళ్లు తీసిన ఫోటోలకి రంగులు సరిచేసి ప్రింటుకి పంపడం నా ఉద్యోగం. మొదట్లో ఫిలిం నెగటివులు, తర్వాత కంప్యూటర్లో ఫైళ్లు. పామర్రు, గుడివాడ, ఉయ్యూరు, కూచిపూడి, అవనిగడ్డ, ఎక్కడెక్కడి పెళ్లిళ్లూ నా కళ్ల ముందు నుంచే వెళ్లేవి. ఒక్క పెళ్లికీ భోజనానికి పిలిచినవాడు లేడనుకోండి.

ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ ముక్కుకి ఆ మందునీళ్ల వాసన తగులుతుంది. మిషన్లోంచి ప్రింటు బయటికొచ్చేటప్పుడు వెచ్చగా ఉండేది. పొద్దున మొదటి బస్సులకి ఊళ్లనుంచి ఫోటోగ్రాఫర్లు ఫిలిం రోళ్లు సంచుల్లో వేసుకుని దిగేవారు. కౌంటర్ ముందు బెంచీ మీద కూర్చుని, ఇడ్లీ పొట్లాలు విప్పుకుని, ఒకళ్ల పెళ్లిళ్ల మీద ఒకళ్లు జోకులేసుకునేవారు. "రాజ్యలక్ష్మక్కా, మనది ముందు కొట్టండక్కా" అని ప్రతివాడికీ తొందరే. ఎంత విసుక్కున్నా, వాళ్లు రాని రోజు ల్యాబు బోసిగా ఉండేది. ఇప్పుడు ఆ బెంచీ లేదు, ల్యాబూ లేదు. అటు వెళ్లినప్పుడల్లా ఆ షట్టరు ముందు కాసేపు నిలబడి వస్తాను.

మా ఓనరు వీరభద్రరావు గారు. మంచి పనిమంతుడు, మహా కోపిష్టి. నన్ను కుర్చీలో కూర్చోబెట్టిన మొదటిరోజే చెప్పాడు: "అమ్మాయ్, మొహం చూడు. మొహం రంగు సరిగ్గా కుదిరిందంటే మిగతావన్నీ అవే సర్దుకుంటాయి. చీర రంగు ఎవడూ అడగడు."

చీర రంగు ఎవరూ అడగరని మగవాడు మాత్రమే అనగలడు. కానీ ఆయన చెప్పిన సూత్రం నూటికి తొంభైసార్లు పనిచేసింది. మన పెళ్లిళ్లు షామియానాల కింద జరుగుతాయి. ఎర్ర షామియానా కింద తీస్తే పెళ్లివారందరికీ జ్వరం తగిలినట్టుంటుంది. ఆకుపచ్చ గుడ్డ కింద తీస్తే పురోహితుడితో సహా అందరూ పైత్యం చేసినవాళ్లే. మొహాల రంగు చూసి ఇది ఏ ఊరి సప్లయర్స్ వాళ్ల షామియానానో చెప్పేసేదాన్ని. ఆ రంగు తీసేసి మొహాలు మొహాల్లా చెయ్యడంలో నాకు మంచి పేరుంది. ఆ పేరే కొంప ముంచింది.

ఒకసారి గుడివాడ పెళ్లి వచ్చింది. రోలు మొత్తం పచ్చగా ఉంది. పసుపురంగు షామియానా కాబోలనుకుని పసుపంతా లాగేశాను. మొహాలు చక్కగా, కడిగిన ముత్యాల్లా వచ్చాయి. నాలుగు రోజులకి పెళ్లికూతురి తల్లి ఆల్బం పట్టుకుని నేరుగా నా దగ్గరికొచ్చింది.

"ఏమ్మా, మా పిల్లకి మంగళస్నానం చేయించామా లేదా?"

"చేయించారు కదండీ, ఫోటోలున్నాయిగా."

"మరి పసుపేదీ? గిన్నెడు పసుపు కలిపి తలా ఒక చెయ్యీ వేసి రాశాం. పసుపు రాయకుండా ఉత్త నీళ్లు పోశామని మా వియ్యపురాలు అంటంది!"

చూసుకుందును కదా, పెళ్లికూతురి చెంపల మీద పసుపు మొత్తం నేను కడిగేశాను. షామియానా గుడ్డ తెల్లదే. వీరభద్రరావు గారు నన్ను తిట్టిన తిట్లు బెంచీ మీదున్న వాళ్లందరూ విన్నారు. కానీ నెగటివ్ ఉంది కాబట్టి బతికిపోయాను. మళ్లీ పెట్టి, పసుపు పసుపుగా వేసి అరగంటలో ఇచ్చాను. ఆవిడ శాంతించి, పక్కన పెళ్లికి వచ్చినట్టు కూర్చుని మజ్జిగ తాగి వెళ్లింది.

నేను ఎన్ని వెధవ పనులు చేసినా నెగటివ్ చెక్కుచెదరకుండా కవర్లో ఉంటుందన్న ధైర్యం అప్పుడే పట్టుకుంది. కాలం మారాక కూడా ఆ ధైర్యం నన్ను వదల్లేదు.

కౌంటర్ అద్దం మీద కాగితం

డిజిటల్ కెమెరాలొచ్చాయి. సంచుల్లో రోళ్లు పోయి, చొక్కా జేబుల్లో కార్డులొచ్చాయి. దాదాపు అందరూ జేపెగ్‌లే తెచ్చేవారు. రా ఫైళ్లు తెచ్చేవాడు ఒక్కడే, పామర్రు దానియేలు. సన్నగా, పొడుగ్గా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. వాళ్ల చర్చిలో పాటలు పాడేవాడు. నేనెంత అరిచినా గొంతు పెంచేవాడు కాదు. అది చూస్తే నాకింకా ఒళ్లు మండేది.

"ఏంటి దానియేలూ, ఈ రా ఫైలు ఒక్కొక్కటీ తెరుచుకునేలోపు నేను వంట చేసుకుని రావచ్చు. అందరిలాగా జేపెగ్ తీయలేవా?"

"అక్కా, రా ఫైలంటే దోసెపిండండీ. ఉప్పు చాలకపోతే కలుపుకోవచ్చు, ఎక్కువైతే ఇంకాస్త పిండి పోసుకోవచ్చు. జేపెగ్ అంటే కెమెరా దోసె వేసేసి ఇస్తది. అందులో ఉప్పెక్కువైతే ఏం చేస్తామండీ?"

అసలు సంగతి అంతకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కెమెరా లోపలికి వచ్చిన వెలుతురు మొత్తాన్ని ఉన్నదున్నట్టు దాచిపెట్టేది రా ఫైలు. అందులోంచి ఇది చాలు, ఇది అక్కర్లేదు అని కెమెరాయే నిర్ణయించి, మిగతాది పారేసి ఇచ్చేది జేపెగ్. పారేసింది మళ్లీ రాదు.

"అందరి దోసెలూ బాగానే ఉన్నాయి కదయ్యా, నీకేం వచ్చింది?" అన్నాను.

"మా పెళ్లిళ్లలో అన్నీ తెలుపే కదక్కా. తెల్లచీర, తెల్ల ముసుగు, వెనక చర్చి గోడకి తెల్ల సున్నం. జేపెగ్‌లో తీస్తే పెళ్లికూతురు గోడలో కలిసిపోద్ది. మొదటి పెళ్లికే మా పాస్టరు గారి చెల్లెలి ముసుగు మాయం చేసి తిట్లు తిన్నా. అప్పట్నుంచీ నేను వదల్లా."

నాకు వినే ఓపిక లేదు. పెళ్లిళ్ల రోజుల్లో బెంచీ నిండా మనుషులు. ఒకరోజు విసుగెత్తి ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో "రా ఫైళ్లు తీసుకోబడవు" అని రాసి కౌంటర్ అద్దానికి టేపుతో అంటించాను. అప్పుడే దానియేలు కార్డు పట్టుకుని వచ్చాడు. నలుగురూ వింటుండగా అన్నాను: "పిండి నీ ఇంట్లో పెట్టుకో నాయనా. నాకు దోసెలు తెచ్చియ్యి."

బెంచీ బెంచీ అంతా నవ్వింది. దానియేలు కూడా నవ్వాడు, కార్డు జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆ నవ్వు మామూలు నవ్వు కాదని నాకు చాన్నాళ్లకి తెలిసింది.

ఇంకో పాడు సలహా కూడా అప్పట్లో అందరికీ ఇచ్చేదాన్ని. మనవాళ్లకి ఫోటోలో మొహం తెల్లగా రావాలి. నల్లగా ఉన్న పిల్లని నల్లగా చూపిస్తే పెళ్లివారు ఫోటోగ్రాఫర్నే తిడతారు. అందుకని "వెలుతురు ఒక మెట్టు ఎక్కువే పెట్టి తీయండి, మిగతాది నేను లాగుతా" అనేదాన్ని. అలా ఎంతమంది చామనఛాయ పిల్లల్ని సున్నం కొట్టినట్టు చేశానో లెక్కలేదు. ఇప్పుడు సిగ్గనిపిస్తుంది. ఆ పిల్లలు వాళ్ల పెళ్లి ఆల్బం తెరిస్తే కనిపించేది వాళ్లు కాదు, నేను చేసిన వేరే ఎవరో.

బట్టే రాలేదమ్మా

పెళ్లిళ్ల రద్దీ తగ్గిన రోజుల్లో ఒక పొద్దున పదకొండింటికి, తెల్లపంచె కట్టిన పెద్దాయన ఒకాయన ఆల్బం తువ్వాలులో చుట్టి గుండెకి ఆనించుకుని వచ్చాడు.

"ల్యాబులో కూర్చునే అమ్మగారు మీరేనాండీ?"

"నేనేనండీ, చెప్పండి."

"నా పేరు కోటేశ్వరరావండీ. మాది పెడన పక్కన. మా లావణ్య పెళ్లి ఫోటోలు పామర్రు దానియేలు గారు తీశారండీ. ఆల్బం మీ దగ్గరే అయిందన్నారు."

"బాగా రాలేదాండీ?"

"అబ్బే, బ్రహ్మాండంగా వచ్చిందమ్మా. మా అమ్మాయి దొరసానిలాగుంది." తువ్వాలు విప్పాడు. "బట్టే రాలేదమ్మా."

ఆల్బం తెరిచి, తాళి కట్టే ఫోటో మీద వేలు పెట్టాడు. మధుపర్కాల్లో పెళ్లికూతురు, ఎర్రంచు తెల్లచీర. ఆ వేలు ఆమె భుజం మీదనుంచి మెల్లగా కిందికి, మళ్లీ పైకి కదిలింది. గుడ్డ మీద నేత తడిమి చూసే అలవాటు కాబోలు, కాగితాన్ని అలాగే తడుముతున్నాడు.

"ఇక్కడ పిందెలుండాలమ్మా. మామిడిపిందెలు. తెల్లదారం మీద తెల్లదారంతో, ఒక్కొక్కటీ చిన్న కండె చేత్తో దూర్చి వేశాను. కొంగంతా ఉంటాయి."

వంగి చూశాను. అంచు ఎర్రగా దివ్యంగా ఉంది. మొహం తెల్లగా మెరుస్తోంది. భుజం మీద గుడ్డ ఉండాల్సిన చోట ఉత్త తెల్లకాగితం.

"బట్ట ఇంట్లో ఉంటే తీసుకురండి, దాన్ని విడిగా ఫోటో తీద్దాం" అన్నాను.

"లేదమ్మా. పెళ్లయ్యాక మధుపర్కాలు పురోహితుడికి ఇచ్చేయడం మా ఇంట్లో ఆనవాయితీ."

"అడిగితే ఇవ్వరా?"

"ఇచ్చినదాన్ని అడుగుతామా అమ్మా?" అన్నాడు, నేనేదో అనకూడని మాట అన్నట్టు. "దాంతోనే మగ్గం దించేశాను. చూపు ఆనట్లేదు, పోగు తెగినా తెలియట్లేదు. అదే ఆఖరు బట్ట. ఫోటోల్లో ఉంటదిలే అని ధైర్యంగా ఇచ్చేశాను."

అవి ఫోన్లతో ప్రతివాడూ ఫోటోలు తీసే రోజులు కావు. ఆ పెళ్లిలో కెమెరా దానియేలుదొక్కటే.

వారం తర్వాత రమ్మని పంపి, కంప్యూటర్లో ఫైలు తెరిచాను. తెరిచీ తెరవగానే నా నిర్వాకం నాకే తెలిసిపోయింది. మొహం తెల్లబడాలని వెలుతురు పైకి లాగాను. లాగి, దానియేలు ఇచ్చిన ఫైలు మీదనే సేవ్ చేసేశాను. నెగటివ్ ఎక్కడో కవర్లో ఉంటుందన్న పాత ధైర్యం. ఆ తెలుపుని ఎంత తగ్గించినా బూడిదరంగు వచ్చింది తప్ప ఒక్క పోగు కూడా కనబడలేదు. ఆ చోట ఫైల్లో ఏమీ లేదు.

మనిషన్నాక అప్పుడే నిజం ఒప్పుకోవాలి. నేను ఒప్పుకోలేదు. పెడనకి కబురు పెట్టి "ఆ బట్టలో మిగిలిన ముక్క ఏమైనా ఉందా?" అని అడిగించాను. జానెడు ముక్క బస్సులో పంపించాడు. ఎంత అందమైన పని! వెలుతురుకి అడ్డంగా పట్టుకుంటే తప్ప కనిపించని పిందెలు. దాన్ని ఫోటో తీసి, పెళ్లికూతురి భుజం మీద మడతలకి తగ్గట్టు వంచి, రెండు రోజులు కూర్చుని అతికాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. వీరభద్రరావు గారు కూడా చూసి "భేష్" అన్నాడు. ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు.

కోటేశ్వరరావు గారు వచ్చి ప్రింటు చూశాడు. మొహం విప్పారింది. వేలు భుజం మీద మొదలుపెట్టి, పిందె పిందె మీదుగా కిందికి వచ్చింది. మళ్లీ పైకి వెళ్లింది. మళ్లీ కిందికి.

"ఇవి నా పిందెలేనమ్మా. కానీ అన్నీ కుడికే చూస్తన్నాయే?"

"అలాగే ఉండాలి కదండీ?"

"ఒకటి ఎడమకి చూడాలమ్మా." చెప్పనా వద్దా అన్నట్టు తటపటాయించాడు. "కొంగు నేస్తన్నప్పుడు మా లావణ్య వచ్చి 'నాన్నా, ఒకటి నేనేస్తా' అంది. చిన్నప్పుడు నా ఒళ్లో కూర్చుని నేర్చుకుందిలెండి. పోగులు ఎటునుంచి లెక్కపెట్టిందో, పిందె తిరగబడింది. ఊడదీస్తానని గోల. నేనే వద్దన్నాను. సరిగ్గా భుజం మీదకి వచ్చేలా కట్టించాం. అది కనబడుద్దేమోనని చూస్తన్నా."

ఒక పిందెని ఎడమకి తిప్పడం నాకు అర నిమిషం పని. నోటిదాకా వచ్చింది, అనేశాను కూడా. "ఇప్పుడే తిప్పి ఇస్తానండీ, కూర్చోండి."

ఆయన నవ్వాడు. కోపం ఉంటే బాగుండేది. "మీరు తిప్పితే అది మీరు తిప్పింది అవుద్ది కదమ్మా" అన్నాడు.

అప్పుడు తల దించుకున్నాను. జరిగిందంతా చెప్పాను. బట్ట పోయింది కెమెరా వల్ల కాదని, దానియేలు వల్ల కాదని, మొహం తెల్లగా రావాలని నేను లాగడం వల్ల పోయిందని, ఈ పిందెలు అతుకులని. ఆయన అంతా విని, "పోన్లెండి, మొహం బాగుందిగా" అని నన్నే ఓదార్చి, తువ్వాలు దులుపుకుని వెళ్లిపోయాడు. ఆయన మెట్లు దిగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

బిస్కెట్ డబ్బా

మర్నాడు సెలవు పెట్టి పామర్రు బస్సెక్కాను. దానియేలు స్టూడియో బస్టాండుకి దగ్గర్లోనే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అక్కా! మీరు పామర్రు రావడమేంటి?"

"లావణ్య పెళ్లి రా ఫైళ్లు ఉన్నాయా దానియేలూ?"

"లేవక్కా."

"నువ్వెప్పుడూ రాలోనే తీస్తావు కదయ్యా!"

దానియేలు కుర్చీ లాగి నా ముందు వేశాడు. "ఆ పెళ్లికి వారం ముందే కదక్కా, మీరు నలుగురిలో దోసెలు తెచ్చియ్యమన్నారు. నాకూ రోషం వచ్చింది. సరే, దోసెలే ఇద్దాం అనుకున్నా. మీరు చెప్పినట్టే ఒక మెట్టు ఎక్కువ పెట్టి మరీ తీశా." ఆ మాటలో దెప్పుడు లేదు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

తప్పయిపోయిందన్నాను. ఈ వృత్తిలో నేను నోరు తెరిచి ఆ మాటన్నది అదే మొదటిసారి. దానియేలు కంగారుపడిపోయి "అయ్యో, ఊరుకోండక్కా" అని బల్లకింద నుంచి బిస్కెట్ డబ్బా తీశాడు. ప్రతి పెళ్లీ కార్డులో ఉన్నది ఉన్నట్టు సీడీ కొట్టి అందులో దాస్తాడు. ఒక్కటీ తీసెయ్యడు. మేము ల్యాబులో కాపీ చేసుకునేటప్పుడే కళ్లు మూసినవీ, కదిలినవీ, ఫ్లాష్ పడనివీ ఏరి పారేసేవాళ్లం.

ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటీ చూశాం. తాళి కట్టడం, తెలుపు. తలంబ్రాలు, తెలుపు. ఎన్ని చూసినా ఎర్రంచుల మధ్య తెల్లకాగితమే. అంతలో ఒకటి నల్లగా వచ్చింది. నా చెయ్యి అలవాటుగా డిలీట్ మీటకేసి వెళ్లింది.

"ఆగండక్కా" అన్నాడు దానియేలు.

అక్షింతలు వేసేటప్పుడు ఫ్లాష్ బ్యాటరీ అయిపోయి ఒక్క ఫోటో అలా పడిందట. వెంటనే బ్యాటరీ మార్చేశాడట. పెళ్లికూతురి మొహం చీకటి. చుట్టూ ఉన్నవాళ్లు నీడలు. కానీ రెండు షామియానా గుడ్డలు కలిసే చోట సందులోంచి పది గంటల ఎండ ఏటవాలుగా వచ్చి ఆమె భుజం మీద పడింది. పెద్దది చేశాను. ఆ ఎండలో పోగు పోగు లేచి కనిపిస్తోంది. ఒక పిందె, కుడికి. రెండోది, కుడికి. మూడోది. నాలుగోది ఎడమకి తిరిగి, కొంచెం వంకరగా, తోక పొట్టిగా.

"ఓరి నాయనో!" అన్నాను.

"దేవునికి స్తోత్రం" అన్నాడు దానియేలు.

ల్యాబుకి తెచ్చి, ఆ మొహాన్ని వెలుతురులోకి తేవాలని నాకు తెలిసిన విద్యలన్నీ చేశాను. జేపెగ్ కదా, నీడలో దాచుకున్నదేమీ లేదు. లాగినకొద్దీ చెంపల నిండా ఎర్రవీ పచ్చవీ మచ్చలు లేచాయి. అదే రా ఫైలు అయ్యుంటే మొహాన్నీ పిందెనీ రెంటినీ తెచ్చేదాన్ని. మా అద్దం మీద కాగితం వల్ల ఏదో ఒకటే మిగిలింది. ఆ కాగితం ఆ పూటే పీకేశాను. టేపు మరక మాత్రం ల్యాబు మూసేదాకా అద్దం మీద అలాగే ఉంది.

స్టూడియో అమ్మాయికి నేను చెప్పిన జవాబు ఇదీ: రెండూ తీయమ్మా. జేపెగ్ పెళ్లివాళ్ల తొందరకి, రా ఫైలు మన పొరపాట్లకి. అసలు ఫైలు మీద ఎప్పుడూ సేవ్ చెయ్యకు. ఫ్లాష్ పడలేదని ఏదీ పారెయ్యకు. అన్నిటికంటే ముందు, ఆ పెళ్లిలో వాళ్లకి ఏది ముఖ్యమో వాళ్లనే అడుగు. నేను ఏనాడూ అడగలేదు. మొహమే అనుకున్నాను.

ప్రింటు

కోటేశ్వరరావు గారు మళ్లీ వచ్చాడు. రమ్మంటే వచ్చాడు గానీ ఆశ పెట్టుకున్నట్టు లేడు. ప్రింటు మిషన్లోంచి వస్తుండగానే తీసి, వెచ్చగా ఆయన చేతిలో పెట్టాను.

కళ్లద్దాలు సవరించుకున్నాడు. వేలు భుజం మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో దాని మీద వేలు ఆగింది. ఇంక కదల్లేదు.

నాకు మాట్లాడకుండా ఉండటం చేతకాదు. "మొహం తేలేకపోయానండీ. ఎంత ప్రయత్నించినా చీకటిగానే ఉండిపోయింది. అమ్మాయి మొహం లేకుండా పెళ్లిఫోటో ఇస్తున్నాను, క్షమించండి" అన్నాను.

ఆయన తలెత్తలేదు. వేలు అక్కడే ఉంది.

"దాన్ని పామర్రులోనే ఇచ్చామమ్మా. దాని మొహం చూడాలనిపిస్తే బస్సెక్కుతాను, గంటలో కనబడుద్ది. ఇది ఏ బస్సెక్కితే కనబడుద్దమ్మా?"

నాకు ఏడుపొచ్చింది. కౌంటర్ దగ్గరున్న వాళ్లు చూస్తున్నారని కూడా ఆగలేదు. ఆయన ప్రింటుని రెండు చేతులమీదా పరిచి, మగ్గం మీంచి దించిన బట్టని పట్టుకున్నట్టు పట్టుకుని, మడత పడనివ్వకుండా మెట్లు దిగి వెళ్లాడు.